వానను ఆపని గుడ్డ

మొన్న మార్చిలో ఒక ఉదయం, ఒంగోలులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి నాన్న ఫోన్ చేశాడు. నాన్న నాకు ఫోన్ చెయ్యడమే అరుదు. చేసినా, అంత దూరం వినపడదేమోనని అరుస్తాడు. ఆ రోజు అరవలేదు.

"మీ బాబాయి పోయాడమ్మా. పొద్దున టీ తాగి అరుగు మీద పేపరు చూస్తా కూర్చున్నాడంట. గ్లాసు తీసుకుపోదామని మీ పిన్ని వచ్చేసరికి తల గోడకి వాలిపోయి ఉందంట. సాయంత్రం నమాజు అయ్యాక తీసుకెళ్తారు. బయల్దేరు," అన్నాడు.

ఏ బాబాయి అని నేను అడగలేదు. నాకు బాబాయి ఒక్కడే. కానీ నాన్న నోటి వెంట "మీ బాబాయి" అన్న మాట విని చాలా ఏళ్లయింది. ఆయన సంగతి ఎత్తాల్సి వస్తే నాన్న "ఆ గుడ్డాయన" అనేవాడు. బస్సులో కూర్చున్నాక నాకు ముందు ఏడుపు తెప్పించింది చావు కబురు కాదు, ఆ మాటే.

మాకూ బాబాయికీ రక్తసంబంధం లేదు. వాళ్లు ముస్లింలు, మేము హిందువులం. పక్కపక్క ఇళ్లు, మధ్యలో మోకాలెత్తు గోడ. చిన్నప్పుడు నాన్న, ఆయన కలిసి తిరిగారు. నాన్న పెద్దవాడు కాబట్టి ఆయన తమ్ముడయ్యాడు, నాకు బాబాయి అయ్యాడు, ఆయన భార్య పిన్ని అయింది. వాళ్లకి పిల్లలు లేరు. మా ఊరు సత్తెనపల్లికి దగ్గర్లో ఉంటుంది. మిరప, పత్తి, వాటి ధర, వాటి తెగులు తప్ప వేరే కబుర్లు తక్కువ. బాబాయి వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ ఇంట్లోంచి బాబాయి పది పాసై ఎయిర్‌ఫోర్సులో చేరాడు. తొంభైల చివర్లో రిటైరై ఊరికొచ్చాడు. అప్పటికి నేను చిన్నపిల్లని.

ఆయన వచ్చిన కొత్తలో టీకొట్టు దగ్గర జరిగిన మాటలు ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

"ఏం సాయిబూ, విమానాలు నడిపావా?"

"లేదన్నా. నడిపేవాళ్ల గుడ్డలు మడతపెట్టా."

"ఓస్, ఇస్త్రీ పనా?"

"అట్టాంటిదే. కాకపోతే మడత సరిగ్గా లేకపోతే కట్టుకున్నవాడు తిరిగిరాడు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆయన చెప్పింది నిజమే. విమానానికి ఏదైనా అయితే పైలట్ దూకాలి. దూకితే వీపుకున్న సంచిలోంచి పారాచూట్ విచ్చుకోవాలి. అంత పెద్ద గుడ్డ, అన్ని తాళ్లు, అంత చిన్న సంచిలో ఒక పద్ధతి ప్రకారం మడిచి పెట్టడం ఆయన పని. ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే చేశాడు. ఆ మడతల్లో ఎన్ని విచ్చుకున్నాయో నేనొకసారి అడిగితే, "విచ్చుకోవాల్సిన అవసరం రాకూడదనే కదమ్మా మడిచేది," అన్నాడు.

ఆ పని అలవాట్లు ఆయన్ని ఇంటిదాకా వెంబడించాయి. గోళ్లు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించి ఉండేవి. చొక్కా జేబులో పెన్ను పెట్టేవాడు కాదు. మడతల్లో జారిపోతే ప్రాణం పోతుందన్న భయం, రిటైరైనా పోలేదు. పేపరు చదివాక మళ్లీ పాత గీతల మీదే మడిచేవాడు. పిన్నితో మాటా మాటా అనుకున్న రోజున ఉతికిన దుప్పట్లు ముట్టుకునేవాడు కాదు. "మడతకి కోపం తెలిసిపోద్దమ్మా," అనేవాడు. "ఆ రోజులు బానే ఉన్నాయి, దుప్పట్లన్నీ నేనే మడుచుకోవాలి," అనేది పిన్ని.

అన్నింటికన్నా పెద్ద నియమం ఇంకొకటి. మడత మొదలుపెట్టినవాణ్ణి మధ్యలో ఎవరూ పలకరించకూడదు. పలకరించారా, ఫోన్ మోగిందా, మనసు పక్కకి పోయిందా, ఎంతవరకు మడిచినా సరే మొత్తం విప్పి మొదటి నుంచి మడవాలి. ఇంకాస్తే కదా అనుకోకూడదు. "ఎక్కడ ఆగామో మనకి గుర్తుంది అనుకుంటాం. చేతికి గుర్తుండదు," అనేవాడు.

ఆయన వస్తూ వస్తూ ఒక పాత పారాచూట్ తెచ్చుకున్నాడు. వయసైపోయిందని తీసేసి వేలం వేస్తే కొన్నాడు. తెల్లటి గుడ్డ. ఎండకాలం మా రెండిళ్లకీ కలిసి ఉన్న కల్లంలో దాన్ని పరిచి, ఇసక నింపిన చిన్న చిన్న సంచులు మడతల మీద బరువు పెడుతూ, వారానికోసారి మడిచేవాడు. చెయ్యి మర్చిపోకూడదని. మడిచేముందు నాలుగు వైపులా పిల్లల్ని నిలబెట్టి అంచులు పట్టుకోమనేవాడు. సాగర్ కాలవ మీదుగా గాలి వచ్చి అది బుస్సున లేచేది. మేము కాళ్ల మునివేళ్ల మీదికి వచ్చేవాళ్లం. అప్పటికి మా ఊరి ఆడపిల్లలకి అంతకన్నా ఎత్తు తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది ఆ గుడ్డే మా రెండిళ్లనీ విడదీసింది.

ఆ ఏడు మిరప బాగా పండింది. కాయ కోయించి కల్లంలో ఆరబోశాం. ఫిబ్రవరిలో ఎవరూ అనుకోకుండా మబ్బేసింది. మా పట్టా చిరిగిపోయి ఉంది. బాబాయి ఊళ్లో లేడు. ఆయనతో పనిచేసిన ఒక పాత ఆఫీసరు ఒంగోలులో ఉంటే, ఆయన్ని చూడటానికి పోయాడు. నాన్న గోడ దగ్గర నిలబడి పిన్నిని అడిగాడు.

"అమ్మాయ్, తమ్ముడి గుడ్డ ఒకసారి ఇయ్యి. కాయ మీద కప్పుకుంటా."

"తీసుకో బావా. ఆయనుంటే ఆయనే కప్పేవాడు."

పిన్నికీ తెలియదు. ఆ గుడ్డ గురించి ఊళ్లో అందరికీ తెలిసింది ఒక్కటే, మనిషి ఆకాశంలోంచి పడుతుంటే అది ఆపుతుంది. చినుకులు మొదలయ్యాక చుట్టుపక్కల కల్లాల్లో అందరూ పట్టాలు లాక్కుంటూ పరిగెత్తుతుంటే, నాన్న కాయని కుప్ప చేసి, దాని మీద ఆ గుడ్డ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, చూరు కింద నిలబడి బీడీ వెలిగించుకున్నాడు.

"ఏం పెద్దాయనా, అంత పల్చగా ఉంది. ఆగిద్దంటావా?" అని ఎవరో అడిగారు.

"మనిషిని ఆపే గుడ్డ వానని ఆపదంట్రా?" అన్నాడు నాన్న.

అది గాలి కోసం నేసిన గుడ్డ. గాలిని కూడా పూర్తిగా ఆపదు, కొంచెం కొంచెం వదులుతుంది. అందుకే మనిషి మెల్లగా దిగుతాడు. వానని జల్లెడలా లోపలికి పోనిస్తుంది. వెలిశాక నాన్న రాళ్లు తీసి గుడ్డ ఎత్తితే కుప్ప అడుగుదాకా తడిసి ఉంది. రెండు రోజులు ఎండ రాలేదు. ఎర్రటి కాయ తెల్లబడి తాలుగా మారింది. తాలు కాయ మొహం గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ చూడరు. తెల్లటి పారాచూట్‌కి మాత్రం కాయ రంగు పట్టుకుని, ఎక్కడ పడితే అక్కడ ఎర్రటి మరకలు దిగాయి.

ఒంగోలు నుంచి బాబాయి సంతోషంగా వచ్చాడు. గల్ఫ్‌లో ఒక దేశం కొత్త కొత్త విమానాలు కొంటోందట. నడపడానికీ, చూసుకోవడానికీ తమ పిల్లల్నే తయారుచేసుకోవాలని శిక్షణ స్కూళ్లు తెరుస్తోందట. నేర్పడానికి అనుభవం ఉన్నవాళ్లు దొరక్క మన దగ్గర రిటైరైనవాళ్లని వెతుక్కుంటున్నారట. పారాచూట్ మడత నేర్పే మాస్టరుగా ఆయన్ని తీసుకున్నారు. ఆ కబురు చెబుదామని నేరుగా మా కల్లంలోకే వచ్చి, కాయని చూసి, గుడ్డని చూసి, వంగి దాని కొస చేతిలోకి తీసుకున్నాడు.

"నీ గుడ్డ నా కొంప ముంచింది రా," అన్నాడు నాన్న.

"అన్నా, అది వానకి పనికిరాదు. నేనుంటే..."

"నువ్వు లేవు."

అంతే. ఆ తర్వాత వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నది నేను చూడలేదు. గోడ ఎత్తు పెరగలేదు కానీ, దాని మీంచి కూర గిన్నెలు రావడం మానేశాయి. ఊళ్లోవాళ్లకి మాత్రం ఒక సామెత దొరికింది. ఎవరైనా గొప్పగా కనపడి పనికిరాకపోతే "సాయిబు గుడ్డలే" అనేవాళ్లు.

ఆ నష్టంతో నా బడి ఆగిపోయింది. మా ఇంట్లో నాకు ముందు బడికి పోయినవాళ్లు లేరు కాబట్టి, ఆగిపోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. ఎర్రకాయలోంచి తాలు ఏరడానికి కల్లంలో కూర్చున్నాను. ఘాటుకి తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. ఏడ్చినా ఎవరికీ తెలియని పని అది.

ఒక రోజు బాబాయి గోడ దాటి వచ్చి, అడగకుండా నా పక్కన కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాడు. నాన్న దూరం నుంచి చూశాడు. కూలి తీసుకోకుండా కాయ ఏరే మనిషిని ఏ రైతూ లేచిపొమ్మనడు. బాబాయికి అది తెలుసు.

"ఎక్కడ ఆగావమ్మా?" అన్నాడు కాయ మీంచి తల ఎత్తకుండా.

"తొమ్మిదిలో. అర్ధసంవత్సరం పరీక్షలు రాశాక."

"అయితే ఆరు నుంచి మొదలుపెడదాం."

నాకు కోపం వచ్చింది. "ఆరు పాసయ్యాను కదా బాబాయ్."

"పాసయ్యావు. మధ్యలో ఆగింది కదా. విప్పేద్దాం. మళ్లీ మడిచినప్పుడు గట్టిగా ఉంటది."

ఆయన గల్ఫ్ వెళ్లేదాకా రోజూ వచ్చాడు. చేతులు తాలు ఏరుతుండేవి, నోరు లెక్కలు చెబుతుండేది. నేలమీద మిరపకాయలు పేర్చి భిన్నాలు చెప్పాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు విమానాల పుస్తకాల్లోది. అందుకే నాకు ఈ రోజుకీ ఇంగ్లీషులో ఆజ్ఞలు బాగా వస్తాయి, కబుర్లు రావు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. అప్పటికి ఆయన ఎడారిలో ఉన్నాడు.

ఆయన వెళ్లేటప్పుడు ఊళ్లో మళ్లీ మాటలు. "సాయిబు కాబట్టి అరబ్బులు పిలిచారు, మన్ని పిలుస్తారా," అన్నారు. అసలు సంగతేమిటంటే బాబాయికి నమాజులో మాటలు తప్ప అరబ్బీ రాదు, ఇంట్లో తెలుగే కాబట్టి ఉర్దూ అన్నా ఎయిర్‌ఫోర్సులో పట్టిన హిందీ ముక్కలే. అక్కడ మొదటిరోజు ఆయన సలాం చెబితే కుర్రాళ్లు ముఖాలు చూసుకుని, ఏ దేశపు సలాం ఇది అని అడిగారట. "సత్తెనపల్లి సలాం అని చెప్పా," అని ఫోన్‌లో నవ్వాడు.

శుక్రవారం అక్కడ సెలవు. శుక్రవారం మధ్యాహ్నం పిన్ని వాళ్లింటికి ఫోన్ వచ్చేది. పిన్నితో మాట్లాడాక నన్ను పిలవమనేవాడు. నాన్న కల్లంలో ఉన్నాడో లేడో చూసుకుని నేను గోడ దాటేదాన్ని. ఆయన మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఎక్కడిదాకా వచ్చిందమ్మా మడత?" నేను చెప్పేదాన్ని. తర్వాత సెలవులకి ఊరొచ్చినప్పుడు, ఇంటర్లో చేరాననీ, భౌతికశాస్త్రం బాగుందనీ, హాస్టల్లో అన్నం బాగాలేదనీ.

అక్కడి సంగతులు ఆయనా చెప్పేవాడు. రన్‌వే పక్కనే స్కూలు. బయట నిలబడితే చెప్పులు కాలతాయి, లోపల ఏసీకి వేళ్లు కొంకర్లు పోతాయి. పొడుగాటి బల్లల మీద పారాచూట్లు పరిచి నేర్పాలి. మొదట్లో ఒకటే తరగతి. ఏడాది తిరక్కుండానే గదులు చాల్లేదు. ఒక గోడకి రంగు ఆరకముందే అందులోకి కొత్త బ్యాచ్ వచ్చి కూర్చునేది. "విమానం ఓడలో దిగుద్దమ్మా. నేర్చినవాడు ఓడలో దిగడు. వాళ్లకి ఆ తేడా తెలీటంలా," అన్నాడు ఒకసారి.

ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లలో ఒక ఎడమచేతి వాటం కుర్రాడు ఉండేవాడు. వాడి గురించి ఎక్కువ చెప్పేవాడు. చేతులు చురుకు, నవ్వు ఎక్కువ, ఈయన్ని ఉస్తాద్ అని పిలిచేవాడట. కానీ బాబాయి చేతులు చూసి చేస్తుంటే వాడి మడత తిరగబడి, తాళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కేవట. చివరికి బాబాయి బల్లకి ఎదురుగా నిలబడి, అద్దంలో చూసుకున్నట్టు, తన కుడిచేత్తో వాడి ఎడమచేతికి నేర్పడం మొదలుపెట్టాడు. "వస్తంది. ఇంకా కొంతకాలం పట్టుద్ది. కానీ వస్తే మాత్రం నాకన్నా బాగా వచ్చిద్ది," అనేవాడు.

ఆ కొంతకాలం దొరకలేదు.

కొత్త విమానాలు ముందే వచ్చేశాయి. మడత నేర్చుకునేవాళ్లందరికీ వచ్చేసిందని చెప్పి పనిలోకి పంపమని పైఆఫీసరు అడిగాడు. బాబాయి ఇంకా రాలేదన్నాడు. పనిలోకి వెళ్లాక కూడా వాళ్ల మడతలు రోజూ నువ్వే సరిచూస్తావు కదా అన్నాడు ఆఫీసరు. బాబాయి తనకి తెలిసిన ఒకే పరీక్ష పెట్టాడు. ఆ కుర్రాళ్లు మడిచిన సంచుల్లోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టి, "ఇది మీ అబ్బాయికి కడతారా సార్?" అని అడిగాడు. ఆఫీసరు సంచి పక్కకి జరిపాడు. మరుసటి వారం ఇంటికి టికెట్ చేతిలో పెట్టారు. గదిలోంచి సామాను తీసుకునేటప్పుడు, ఆ ఎడమచేతి కుర్రాడు బల్ల దగ్గర సగం మడతలో ఉన్నాడట. బాబాయి ఇంటి ఫోన్ నంబరు వాడికి రాసిచ్చి, "నువ్వు మడిచినదాంతో ఎవడన్నా క్షేమంగా దిగితే నాకు ఫోన్ చెయ్యి," అన్నాడట. వాడు నవ్వాడట.

ఇదంతా ఆయన చెప్పింది పిన్నికీ నాకూ మాత్రమే. ఊరికి చెప్పలేదు. చెప్పినా, అంత జీతం వచ్చే పనిని ఇంకొకడి సంచీ గురించి వదులుకున్నాడంటే నమ్మేవాళ్లెవరు? గల్ఫ్ వెళ్లినవాడు గడువుకి ముందే తిరిగొస్తే మా వైపు ఒకటే అర్థం, ఏదో చేసి ఉంటాడు.

"ఏం సాయిబూ, ఒంటె తన్నిందా?"

"తన్నలేదన్నా. నేనే దిగా."

"దిగావా, దించారా?"

బాబాయి టీ గ్లాసు కింద పెట్టి, చొక్కా సరిచేసుకుని ఇంటికొచ్చేసేవాడు. తర్వాత టీకొట్టుకి పోవడం మానేశాడు.

ఆ రోజుల్లోనే గుంటూరు, ఒంగోలు గోడల మీద బొమ్మలు మొదలయ్యాయి. నీలం ఆకాశం, తెల్ల విమానం, కింద టోపీ పెట్టుకున్న కుర్రాడు. గల్ఫ్‌లో పైలట్ శిక్షణ, డిఫెన్సు శిక్షణ, ఎయిర్‌పోర్టు ఉద్యోగాలు అని రాసి ఉండేది. అలాంటి ఒక కోచింగ్ సెంటరాయన కారేసుకుని మా ఊరొచ్చాడు. నేను సెలవులకి ఇంట్లో ఉన్నాను. గోడకి ఇటువైపు నుంచి అంతా వినపడింది.

"మీరు రోజూ రావక్కర్లేదు సార్. మీ ఫొటో, మీ పేరు చాలు. గల్ఫ్‌లో నేర్పిన మాస్టరు మా దగ్గర ఉన్నాడంటే పిల్లలు క్యూ కడతారు."

"ఎన్నాళ్లలో నేర్పుతారు బాబూ?"

"వేసవి సెలవల్లో అయిపోద్ది సార్."

"వేసవి సెలవల్లో కల్లం ఊడవటం కూడా రాదు నాయనా. టీ తాగి వెళ్లు."

ఊళ్లో ఆశపడిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. పత్తికి పురుగుపట్టి, మిరపకి ధర లేక, పొలం వైపు చూడ్డానికి ఇష్టపడని వయసు. వాళ్లకి ఆయన దారికడ్డంగా కూర్చున్న మనిషిలా కనపడ్డాడు. తను మాత్రం వెళ్లొచ్చి మనల్ని పోనివ్వడు అన్నారు. ఆయన మనసు ఈ ఊళ్లో లేదు.

ఫోన్ కిటికీలో ఉండేది; ఊళ్లో సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఆ నంబరు తీయించలేదు. కిటికీకి అటుపక్క వీధి అరుగు. బాబాయి రోజంతా ఆ అరుగు మీదే కూర్చునేవాడు. పేపరులో విదేశాల వార్తలు అడుగుదాకా చదివేవాడు. ఫోన్ మోగితే పిన్ని పరిగెత్తేది, ఆయన లేచేవాడు కాదు, చెవి మాత్రం అటు పెట్టేవాడు. పిన్ని తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే మళ్లీ పేపరు విప్పేవాడు. ఆయన ఒకసారి అక్కడికి ఫోన్ చేయించాడు. ఎవరో ఎత్తి ఏదో భాషలో ఏదో అని పెట్టేశారు.

నేను గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్లకి పోవడం అలవాటైంది. ఊరికొచ్చిన ప్రతిసారీ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాడు.

"ఆ స్కూలు పేరు కొట్టి చూశావామ్మా? ప్రమాదం ఏమన్నా అయిందా?"

"చూశాను బాబాయ్. ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"ఏమీ రాయలేదు. మంచిదే కదా."

"జరగలేదని కాదమ్మా, రాయలేదని." తనకి తనే చెప్పుకుంటున్నట్టు, "సగం మడతలో వదిలేసి వచ్చా," అన్నాడు.

నేను ధైర్యం చెప్పాలనుకున్నాను. మీరు వదల్లేదు, వాళ్లే పంపించారు అన్నాను. ఆయన వినిపించుకోలేదు. పారాచూట్లని కొన్ని నెలలకోసారి విప్పి, గాలి తగిలించి మళ్లీ మడుస్తారు. తను చూసి పంపినవి ఎప్పుడో విప్పేసి ఉంటారు. ఇప్పుడు విమానాల్లో ఉన్నవన్నీ ఆ కుర్రాడివీ, వాడిలాంటి వాళ్లవీ. వాటిలో ఏది మంచిదో ఏది కాదో ఎవడో ఒకడు దూకేదాకా తెలియదు. ఆయనకి ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా రోజూ అరుగు మీద కూర్చున్నాడు.

నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లిన రోజు మాత్రం కిటికీ వైపు చూడలేదు. ఆర్డరు కాగితం చదివి, పాత గీతల మీదే జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర చదివేవాళ్లలో ఎడమచేతి వాళ్లుంటారమ్మా. ఎదురుగా నిలబడి చెప్పు," అన్నాడు. ఆ మాట చేతి గురించి మాత్రమే కాదని పాఠాలు మొదలుపెట్టాక తెలిసింది. ఇప్పుడు నా తరగతిలో వెనక పడ్డ పిల్లలకి నేను ఆరు నుంచి మొదలుపెడతాను. వాళ్లకీ కోపం వస్తుంది.

బాబాయి పోయిన రోజు నేను ఊరు చేరేసరికి ఎండ మండిపోతోంది. బాబాయి ముఖం చూశాను. పేపరు చదువుతూ ఏదో వాక్యం దగ్గర ఆగినట్టే ఉన్నాడు. తెల్లగుడ్డలో చుట్టాక, మసీదు పెద్దలు ఎత్తుతుంటే, నాన్న చెప్పులు విడిచి జనం మధ్యకి వెళ్లి భుజం ఇచ్చాడు. మసీదు పెద్ద ఒకాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. వీధి మలుపు దాకా నాన్న తల కనపడింది.

మగవాళ్లు వెళ్లాక ఇంటి దగ్గర ఆడవాళ్లం మిగిలాం. వచ్చినవాళ్లకి నీడ కోసం ఎవరో ఆ పాత పారాచూట్‌ని గోడకీ మునగచెట్టుకీ కట్టారు. పిన్ని దాని వైపు చూసి, "దించమ్మా. కొమ్మలకి చిరుగుద్ది. ఆయనుంటే ఒప్పుకునేవాడు కాదు," అంది.

కల్లం ఊడిచి పరిచాం. పిన్ని కొస పట్టుకుంది. ఆయన మడుస్తుంటే చూసినట్టే నేను ఒక్కో పట్టీ మీద పట్టీ వేస్తూ, ఇసక సంచులు బరువు పెడుతూ వచ్చాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సగం పైగా అయింది.

ఫోన్ మోగింది.

పిన్ని నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. కొస వదిలేసి ఆమె కిటికీ వైపు పరిగెత్తింది, అన్నేళ్లూ పరిగెత్తినట్టే. నేను మడత మీద చేతులు పెట్టి కదలకుండా విన్నాను.

"ఆఁ, ఆఁ... ఇందాకే తీసుకెళ్లారే. లేదు, అందుకోలేవులే. రేపు రా," అంటోంది పిన్ని. చీరాల నుంచి పిన్ని చెల్లెలు.

అప్పటికి నాన్న ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని, గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. వాన పడిన ఏడు నుంచి ఆయన ఆ గుడ్డ దగ్గరికి రాలేదు.

"ఇంకెంత అమ్మా. ఆ మిగిలింది చుట్టెయ్," అన్నాడు.

"కాదు నాన్నా. మధ్యలో ఆగింది. విప్పాలి."

నాన్న గోడ దాటి వచ్చాడు. నేను సంచులన్నీ తీసేశాను. ఆయన వంగి, పిన్ని వదిలేసిన కొస రెండు చేతులతో పట్టుకుని, కల్లం చివరిదాకా వెనక్కి వెనక్కి నడిచాడు. గుడ్డ బిగిసింది. కాలవ మీదుగా సాయంత్రపు గాలి వచ్చి కిందికి దూరింది. అది ఒక్కసారిగా లేచింది. వెనక ఎండ ఉండటం వల్ల, ఎప్పటివో ఆ మిరప మరకలన్నీ ఎర్రగా వెలిగాయి. నాన్న మడమలు నేల వదిలి లేచాయి.

"గట్టిగా లాగుతుందే ఇది," అన్నాడు. వదల్లేదు.